3 మి.మీ. హార్డ్‌బోర్డు పెగ్‌బోర్డులు ఇక అమ్మం: ఇప్పటికే కొన్నవాళ్లు ఏం చేయాలి

మా దగ్గర పెగ్‌బోర్డు (హుక్కులు పెట్టి పనిముట్లు తగిలించుకోవడానికి వరసగా బెజ్జాలున్న పలక) కొన్న అందరికీ నమస్కారం.

చెప్పాల్సినవి మూడున్నాయి, మూడూ మా వైపు లోపాలే. 3 మి.మీ. హార్డ్‌బోర్డు పలకల అమ్మకం ఆపేశాం. రేకు బోర్డుల్లో ఒక విడత సరుకు బెజ్జాల దూరంలో తేడాతో వచ్చింది. బోర్డుతో పాటు ఇచ్చిన స్పేసర్లు (బోర్డుకూ గోడకూ మధ్య ఖాళీ ఉంచే ముక్కలు) లావు హుక్కులకు చాలవు. ఏది ఎందుకు జరిగిందో, ఇప్పటికే గోడకెక్కిన బోర్డును ఎలా సరిచేసుకోవాలో, మేం ఏం మార్చి ఇస్తామో ఇక్కడ రాస్తున్నాం. కారు షెడ్డులోనో మెట్ల కిందో పనిముట్లు సర్దుకోవాలని కొత్తగా అనుకుంటున్నవాళ్లకూ ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి.

ముందు హార్డ్‌బోర్డు సంగతి. కర్ర పీచును వేడి మీద గట్టిగా నొక్కి పలక చేస్తారు. ముందు వైపు నున్నగా, రంగు వేసి ఉంటుంది. తిప్పి చూడండి: వెనక జల్లెడ అచ్చు పడి గరుగ్గా, ఏ పూతా లేకుండా ఉంటుంది. బెజ్జాల లోపలి అంచులు కూడా పచ్చివే. కోస్తాలో నైరుతి వానలు పోగానే ఈశాన్యం అందుకుంటుంది కాబట్టి జూన్ నుంచి డిసెంబరు దాకా గోడకూ పలకకూ మధ్య గాలి చెమ్మగానే ఉంటుంది. పలక ఆ చెమ్మను వెనక నుంచీ బెజ్జాల నుంచీ పీల్చుకుని ఉబ్బుతుంది. చుట్టూ స్క్రూలు బిగించి ఉంటే సాగడానికి చోటుండదు, మధ్యలో పొట్ట వస్తుంది. ఎండాకాలంలో ఆరినా బెజ్జం అంచు మళ్లీ గట్టిపడదు. వేలు పెట్టి తడిమితే నూగులా పీచు లేచి ఉంటుంది. అక్కడి నుంచి హుక్కు వదులవుతుంది.

దీనికి తోడు బరువు. హుక్కు పైకొన పట్టుకునే బెజ్జానికీ, కింద పలకను ఆనుకునే చోటుకూ మధ్య ఒక అంగుళమే దూరం. కిలోన్నర గ్రైండరును గోడ నుంచి 4 అంగుళాల దూరంలో వేలాడదీస్తే పై బెజ్జం మీద ముందుకు లాగే బలం 6 కిలోలు. అదే గ్రైండరు 2 అంగుళాల దూరంలో ఉంటే 3 కిలోలే. చెమ్మ తిన్న 3 మి.మీ. పలకకు ఆ 6 కిలోలు ఎక్కువ. బెజ్జం మొదట కోలగా సాగుతుంది, తర్వాత పై అంచు చీలుతుంది. కాబట్టి ఏ బోర్డుకైనా సరే, బరువున్న వస్తువుకు అది పట్టేంత పొట్టి హుక్కే వాడండి. పొడవు హుక్కు మీద నాలుగు వస్తువులు వరసగా తగిలించడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

ఇప్పటికే హార్డ్‌బోర్డు ఉన్నవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు. వానలకు ముందు దించి, చదునైన నేల మీద పరిచి ఒక రోజు ఎండబెట్టండి. గోడకు చేరవేసి ఎండబెడితే ఆ వంపే నిలిచిపోతుంది. నూగు లేచిన బెజ్జాల్లో 120 నంబరు గరుకు కాగితాన్ని చుట్టలా చుట్టి రెండు తిప్పులు తిప్పండి. వెనక వైపుకూ నాలుగు అంచులకూ ఒక కోటు వుడ్ ప్రైమరు, రెండు కోట్లు ఎనామిల్ వేయండి. బ్రష్షు వద్దు, బెజ్జాలన్నీ పూడుకుపోతాయి. 4 అంగుళాల స్పాంజి రోలరుతో పల్చగా వేస్తే రంగు అంచు వరకే పడుతుంది. తిరిగి బిగించేటప్పుడు స్క్రూ పట్టే బెజ్జాలను కొంచెం కోలగా చేసి, వెడల్పు వాషరు వేసి, పూర్తిగా బిగించాక పావు తిప్పు వదులు చేయండి. పలక కదలడానికి ఆ చోటు కావాలి. స్క్రూల వరసల మధ్య అడుగు కంటే ఎక్కువ దూరం ఉంచకండి. మా పాత కాగితంలో రెండడుగులు అని ఉంది, అది తప్పు.

వెనక చెక్క రీపర్లు కొట్టినవాళ్లు వాటిని కూడా విప్పి చూడండి. చెమ్మ గోడను ఆనుకున్న పచ్చి రీపరు చెదలకు దారి. మట్టి గీత ఒక్కటి కనిపించినా రీపర్లు తీసేసి, వాటి చోట 20 మి.మీ. అల్యూమినియం చదరపు గొట్టం వేయండి. బోర్డు కింది అంచు నేలకు తగలకూడదు.

రెండోది, బెజ్జాల దూరం. పెగ్‌బోర్డు కొలత అంగుళాల్లో పుట్టింది: ఒక బెజ్జం నడిమి నుంచి పక్క బెజ్జం నడిమికి ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. మా రేకు బోర్డుల్లో ఒక విడతకు పంచింగ్ చేసేటప్పుడు ఆ 25.4ను 25గా గుండ్రం చేశారు. సరుకు దించుకునేటప్పుడు మేం కొలవలేదు. ఒంటి హుక్కుకు 0.4 మి.మీ. తేడా తెలియదు. కానీ పది బెజ్జాల దూరంలో రెండు కాళ్లుండే అర తగిలించబోతే తేడా 4 మి.మీ. అయింది. బెజ్జం 6.5 మి.మీ., కమ్మీ 5.5 మి.మీ. ఒక కాలు ఎక్కితే రెండోది రేకుకు తగిలి ఆగిపోతుంది. సుత్తితో కొట్టి ఎక్కించినవాళ్లకు బెజ్జం చుట్టూ పౌడర్ కోటింగ్ పెచ్చు లేచి ఉంటుంది, అక్కడే తుప్పు మొదలవుతుంది.

మీ బోర్డు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. ఒక బెజ్జం ఎడమ అంచు మీద టేపు పెట్టి, దాన్ని వదిలేసి పది లెక్కపెట్టండి. ఆ పదో బెజ్జం ఎడమ అంచు దగ్గర 254 ఉంటే సరైన బోర్డు, 250 ఉంటే తేడా బోర్డు. టేపు కొస కొక్కెం కొంచెం ఆడుతుంది కాబట్టి 0 నుంచి కాకుండా 100 దగ్గర మొదలుపెట్టి, వచ్చిన అంకెలోంచి 100 తీసేసి చూడండి. 250 వచ్చినవాళ్లందరికీ బోర్డు మార్చి ఇస్తాం. ఒంటి హుక్కులు మాత్రమే వాడుతూ మార్చడం ఎందుకులే అనుకుంటే, పొడవు అరల బదులు రెండు బెజ్జాల గిన్నె అరలు ఇస్తాం.

అమెరికాలో పిల్లల గరాజ్ కోసం ఇక్కడి నుంచి హుక్కులు పట్టుకెళ్లేవాళ్లు కూడా ఒక మాట వినండి. అక్కడ పల్చటి బోర్డుకు (అంగుళంలో ఎనిమిదో వంతు మందం) బెజ్జం 4.8 మి.మీ., మందం బోర్డుకు (పావు అంగుళం) 6.35 మి.మీ. మా సన్న హుక్కు, 3 మి.మీ. కమ్మీది, రెండిట్లోనూ పడుతుంది. లావు హుక్కు పల్చటి బోర్డులో పట్టదు. అక్కడి గోడలు డ్రైవాల్ (జిప్సం పలకలు), లోపల సాధారణంగా 16 అంగుళాలకు ఒక నిలువు కర్ర ఉంటుంది. స్క్రూ ఆ కర్రలోకే దిగాలి, ప్లగ్గుతో పని లేదు.

మూడోది స్పేసర్లు. బోర్డుకూ గోడకూ మధ్య ఖాళీ లేకపోతే హుక్కు వంపు లోపలికి తిరగదు. మేం 12 మి.మీ. స్పేసర్లు ఇచ్చాం. సన్న హుక్కుకు అవి సరిపోతాయి. లావు హుక్కు వంపుకు 18 నుంచి 20 కావాలి. లావు హుక్కు సగం ఎక్కి ఆగిపోతుంటే లోపం హుక్కులో లేదు, వెనక చోటు లేదంతే. 20 మి.మీ. స్పేసర్లు, వాటికి తగ్గ పొడవు స్క్రూలు ఉచితంగా పంపుతాం.

ఇకపై అమ్మేది 1.2 మి.మీ. రేకు బోర్డు ఒక్కటే. నాలుగు అంచులూ వెనక్కి 20 మి.మీ. మడిచి ఉంటాయి. ఆ మడతే పలకకు బిగువునిస్తుంది, వెనక ఖాళీనీ ఇస్తుంది. బెజ్జాలు కొట్టిన తర్వాతే పౌడర్ కోటింగ్ వేయిస్తున్నాం. ముందే వేసి తర్వాత కొడితే ప్రతి అంచూ పచ్చి ఇనుమే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లకు మామూలు సీఆర్ రేకు (జింకు పూత లేనిది) వద్దు, జీఐ రేకుదే (జింకు పూత ఉన్నది) అడగండి. ఇంటి దగ్గర కోయాల్సి వస్తే కోసిన అంచును ఆకురాయితో నున్నగా రుద్ది, ఆ రోజే ప్రైమరు, ఎనామిల్ పూయండి. ఇబ్బందులూ చెప్పాలి: 4×2 అడుగుల పలక సుమారు 7 కిలోలు తూగుతుంది, ఒక్కరే పట్టుకుని బిగించలేరు. వస్తువు తీసి పెట్టినప్పుడల్లా చప్పుడవుతుంది. ధర హార్డ్‌బోర్డు కంటే బాగా ఎక్కువ. అందుకే గోడంతా కప్పేయాలని మొదటే పెద్ద ఆర్డరు పెట్టకండి. చాలా ఇళ్లలో చేతి పనిముట్లకు ఒక్క 4×2 పలక చాలు.

బిగించే ముందు మీ గోడ ఏదో తెలుసుకోండి. డ్రిల్లు వేస్తే ఎర్ర పొడి రాలితే ఇటుక, తెల్లగా సుద్దలా సులువుగా రాలితే ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంటు దిమ్మ), బూడిదరంగు పొడి రాలుతూ బిట్టు ముందుకు పోనంటే కాంక్రీటు. ఇటుక గోడకు 8 మి.మీ. బిట్టు, 50 మి.మీ. నైలాన్ ప్లగ్గు (హైదరాబాద్‌లో గిట్టీ అంటారు), 10 నంబరు 3 అంగుళాల స్క్రూ సరిపోతాయి. ప్లగ్గు ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగాలి. ప్లాస్టరింగే అర అంగుళం పైన ఉంటుంది కాబట్టి పొట్టి ప్లగ్గు అందులోనే ఆగి, మూడు నెలలకు పెచ్చుతో సహా ఊడివస్తుంది. బెజ్జం ప్లగ్గు కంటే 5 మి.మీ. లోతుగా వేసి, పొడి ఊదేసి దిగ్గొట్టండి. ఏఏసీ గోడకు హామర్ మోడ్ ఆపేసి మామూలుగా తిప్పండి, దానికని దొరికే ప్రత్యేక ప్లగ్గులే వాడండి. కొత్త అపార్టుమెంట్లలో గోడలే కాంక్రీటుతో పోసి ఉంటే చిన్న డ్రిల్లు పనికిరాదు, రోటరీ హామర్ అద్దెకు తెచ్చుకోండి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా ఎక్కడా బెజ్జం వేయకండి, వైరు గొట్టాలు సాధారణంగా ఆ దారినే పోతాయి.

పై వరసలో మధ్య స్క్రూ ముందు పెట్టి, రసమట్టం చూసి, తర్వాతే మూలలు. బల్ల ఉంటే బోర్డు కింది అంచు బల్లకు 8 అంగుళాల పైన ఉండనివ్వండి.

సర్దడం గోడ మీద మొదలుపెడితే హుక్కులు పదిసార్లు మార్చాల్సి వస్తుంది. బోర్డు నేల మీద ఉన్నప్పుడే పనిముట్లు దాని మీద పరవండి, నిలబడి పైనుంచి ఫొటో తీసుకోండి. సుత్తిని హుక్కు నుంచి తీయాలంటే ముందు పైకెత్తాలి, కాబట్టి దాని తల పైన 3 అంగుళాల ఖాళీ ఉంచండి. ఆ ఖాళీ మరిచిపోవడం వల్లే చాలా బోర్డుల్లో పై వస్తువు రాలి కింద పడుతుంది. డ్రిల్లు, గ్రైండరు ఛాతీ ఎత్తులో, స్క్రూ పట్టిన చోటుకు దగ్గరగా. రంపం పిడితో వేలాడాలి, పళ్లు నడిచే దారి వైపు ఉండకూడదు. ఉలులను హుక్కుకు తగిలించకండి. అంగుళం మందం చెక్కకు బెజ్జాలు వేసి నిలబెట్టండి, అంచులకు తొడుగు వేయండి. ఇంట్లో పిల్లలుంటే ఉలులూ కట్టరూ పై వరసకే.

స్పానర్లు వరసగా పెడితే ఏది పోయిందో ఇట్టే తెలుస్తుంది: 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22. ఎనిమిదింటికి ఎనిమిది సన్న హుక్కులు, మధ్య రెండేసి బెజ్జాలు వదిలితే చాలు. 10-11, 12-13 బైకు పనికి రోజూ కావాలి, వాటిని చేతికందే చివర పెట్టుకోండి. ప్రతి పనిముట్టు చుట్టూ గీత గీయాలనుకుంటే నెల రోజులు వాడాకే గీయండి, ఈలోపు సగం చోట్లు మారతాయి. 1961లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో వంటల రచయిత్రి జూలియా చైల్డ్ వంటింటికి ఆమె భర్త పాల్ చైల్డ్ పెగ్‌బోర్డు మీద గిన్నెల ఆకారాలు ఇలాగే గీసిపెట్టారు. ఏ మూకుడు ఎక్కడికో ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

వస్తువుతో పాటు హుక్కు ఊడి చేతికొస్తోందా? ఎత్తేటప్పుడు హుక్కు పైకి తిరిగి బెజ్జం నుంచి జారుతుంది. లాక్ క్లిప్పు పెట్టండి, లేదా హుక్కు కింద ఆనుకునే చోట హాట్ గ్లూ ఒక బొట్టు వేయండి. చోటు మార్చాలంటే గోటితో లాగితే రేకు నుంచి వచ్చేస్తుంది. ఫెవిక్విక్ మాత్రం వద్దు, ఊడదీస్తే కోటింగ్ కూడా వస్తుంది.

50 హుక్కుల సెట్టు కూడా ఆపేశాం. అందులో సగం హుక్కులు ఒక్క అంగుళం పొడవున్న పొట్టివి, అవి ఎవరికీ పెద్దగా ఉపయోగపడలేదు. ఇప్పుడు విడిగా అమ్ముతున్నాం. మొదటి పలకకు 2 అంగుళాలవి పన్నెండు, 4 అంగుళాలవి నాలుగు, జంట హుక్కులు నాలుగు, గిన్నె అరలు రెండు తీసుకుని చూడండి. మిగతావి అవసరం తెలిశాక కొనండి. పాత సెట్టులో వాడని పొట్టి హుక్కులు వెనక్కి ఇస్తే అన్నే 2 అంగుళాలవి ఇస్తాం.

మార్పిడికి బిల్లు అక్కర్లేదు. టేపు పెట్టి తీసిన ఫొటో ఒకటి, బోర్డు మొత్తం కనిపించే ఫొటో ఒకటి మీరు ఆర్డరిచ్చిన వాట్సాప్‌కే పంపండి. కొత్త బోర్డు చేరాకే పాతది దించండి, పనిముట్లు నేల మీద పడుండక్కర్లేదు. రానుపోను రవాణా ఖర్చు మాదే. మా దగ్గర మిగిలిన కొద్ది హార్డ్‌బోర్డు పలకలను పనిముట్ల కోసం అడిగినా ఇవ్వం. కుట్టుమిషను పక్కన దారం ఉండలు, కత్తెరలు, టేపులు తగిలించుకోవడానికి కావాలంటే, వెనక రెండు కోట్లు రంగు వేసి, కొన్న ధరకే ఇస్తాం.