కాతేరు నల్లరాయిని కొంతైనా మిగల్చండి

సంపాదకులకు,

రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో కంకర కోసం పగలగొడుతున్న నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. అది చల్లారుతూ 580 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి వచ్చాక, అందులోని మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) రేణువులు అప్పటి భూ అయస్కాంత దిశను అలాగే పట్టి ఉంచాయి. ఆ దిశ నేలకు ఎంత వాలుగా ఉందో కొలిస్తే రాయి ఏ అక్షాంశం దగ్గర గట్టిపడిందో తెలుస్తుంది. దాదాపు ఇదే కాలానికి చెందిన దక్కన్ పీఠభూమి లావాలపై 1950లలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు చేసిన ఈ కొలతలు, మన దేశం ఒకప్పుడు భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేదని చూపించాయి. ఖండాలు కదులుతాయంటే చాలామంది నమ్మని రోజులవి! విశాఖ ఎర్రమట్టి దిబ్బలకు జాతీయ భూవారసత్వ గుర్తింపు ఉంది. ఇక్కడ కూడా కనీసం ఒక్క క్వారీ గోడనైనా పేల్చకుండా వదిలి, కాలేజీ విద్యార్థులు వచ్చి చూసే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం