గ్రాఫ్ గీసే ముందు గుర్తులు చూడమను

తిరుపతి

ఒరే భాస్కరా,

నువ్వు పంపిన ఆన్సర్ పేపర్ల ఫోటోలన్నీ చూసినా రా. మీ చిత్తూరు పిలకాయలు లెక్క చేయడంలో ఎవరికీ తీసిపోరు. డెరివేటివ్ (వక్రం వాలు ఎంతో చెప్పేది) తప్పు లేకుండా చేస్తా ఉండారు, సున్నాకి సమానం చేస్తా ఉండారు, x విలువలు రాబడతా ఉండారు. ఆడికి పని అయిపోయినట్టు వదిలేసి, గ్రాఫ్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తొమ్మిదో తరగతి పద్ధతే. x కి −1, 0, 1, 2 అని వేసేది, వచ్చిన చుక్కల్ని కలిపేసేది. మరి ఆ డెరివేటివ్ ఎందుకు చేసినట్టు?

జబ్బు ఒకటే. డెరివేటివ్ యాడ సున్నా అయిందో చూస్తా ఉండారు గానీ, ఆ సున్నాకి అటూ ఇటూ దాని ప్లస్-మైనస్ గుర్తు మారిందా లేదా అని చూడటం లేదు. ఉత్త సున్నా చెప్పేది ఆడ స్పర్శరేఖ అడ్డంగా ఉందని, అంతే. గరిష్ఠమా, కనిష్ఠమా, రెండూ కాదా అనేది గుర్తు చెప్పాల్సిందే.

ఈసారి క్లాసులో y = x⁴ − 4x³ తీసుకో. చూడ్డానికి చిన్నది, లోపల మెలికలన్నీ ఉండాయి. డెరివేటివ్ జోలికి పోకముందే దొరికేవి దొరకబుచ్చుకోమను: x³(x − 4) అని రాస్తే x అక్షాన్ని 0 దగ్గర, 4 దగ్గర కోస్తుంది. x ఎడమకి ఎంత పోయినా కుడికి ఎంత పోయినా x⁴ దే పెత్తనం, కాబట్టి రెండు కొసలూ పైకే. ఇది ముందే రాసి పెట్టుకుంటే చివర్లో గ్రాఫ్ ఒక కొస కిందికి పోతే తప్పు చేసినామని వాళ్ళకే తెలిసిపోతుంది.

మొదటి డెరివేటివ్ 4x³ − 12x². దాన్ని అట్లే వదలనీయొద్దు, 4x²(x − 3) అని కారణాంకాలు రాయించు. తప్పులు ఎక్కువగా పుట్టేది ఈ మెట్టు ఎగరగొట్టినప్పుడే. పిలకాయలు రెండు పక్కలా x² కొట్టేసి x = 3 ఒకటే రాస్తారు, 0 గల్లంతు. సంఖ్యారేఖ మీద 0, 3 గుర్తు పెట్టి, మూడు ముక్కల్లో ఒక్కో విలువ వేసి చూడమను. x = −1 కి −16, x = 1 కి −8, x = 4 కి +64. అంటే 0 కి అటూ ఇటూ రెండు పక్కలా మైనస్సే. వక్రం దిగతా వచ్చి, 0 దగ్గర ఒక్క క్షణం అడ్డంగా సాగి, మళ్ళీ దిగతానే పోతుంది. 3 దగ్గర మాత్రం మైనస్ పోయి ప్లస్ వస్తుంది. అదే కనిష్ఠం, విలువ 81 − 108 = −27. గరిష్ఠం అసలు లేనే లేదు.

చుక్కలు కలిపేవాళ్ళకి దొరకనిది ఇదే. (−1, 5), (0, 0), (1, −3) కలిపితే 0 దగ్గర ఆ సదును ఎవరికీ కనపడదు, నేరుగా జారిపోయినట్టు గీసేస్తారు.

ఇంక రెండో డెరివేటివ్: 12x(x − 2). 0 కి ఎడమన ప్లస్, 0 నుంచి 2 దాకా మైనస్, 2 దాటినాక ప్లస్. గుర్తు రెండు చోట్లా మారింది కాబట్టి (0, 0), (2, −16) రెండూ ఇన్‌ఫ్లెక్షన్ బిందువులే, అంటే వక్రం వంపు దిశ మార్చే చోట్లు. ఈ కాంకేవ్ అప్ (వంపు పైకి, రెండో డెరివేటివ్ ప్లస్), కాంకేవ్ డౌన్ (వంపు కిందికి, మైనస్) అనేవి పిలకాయలు తిరగేసి చెప్తా ఉంటారు కదా, దానికి మన తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు పనికొస్తుంది. రోడ్డు ఎత్తుని మర్చిపొమ్మను, మ్యాపులో గీతగా చూడమను. గ్రాఫ్ మీద ఎడమ నుంచి కుడికి బండి తోలతా ఉంటే, స్టీరింగ్ ఎడమకి తిరిగి ఉన్నంతసేపూ రెండో డెరివేటివ్ ప్లస్. కుడికి తిరిగి ఉంటే మైనస్. ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పేటప్పుడు స్టీరింగ్ నేరుగా ఉండే క్షణమే ఇన్‌ఫ్లెక్షన్. ఎవడైనా తెలివైనోడు లేచి హెయిర్‌పిన్ మలుపు సంగతేంది సార్ అంటే, ఆడ నిలువు గీత రోడ్డుని రెండుసార్లు కోస్తుంది, ఒక x కి ఒకే y ఉండాలి కాబట్టి అది ప్రమేయమే కాదని చెప్పు.

రెండో డెరివేటివ్ పరీక్ష మీద వాళ్ళకి ఉన్న మోజు కొంచెం తగ్గించు. x = 3 దగ్గర అది 36 వస్తుంది, ప్లస్ కాబట్టి కనిష్ఠం, బాగుంది. x = 0 దగ్గర సున్నా వస్తుంది. సున్నా వస్తే ఆ పరీక్ష ఏమీ తేల్చదు. ఒకడు “కాబట్టి ఇన్‌ఫ్లెక్షన్” అని రాసినాడు చూడు, ఇక్కడ జవాబు కుదిరిందే గానీ కారణం తప్పు. x⁴ కి కూడా 0 దగ్గర రెండో డెరివేటివ్ సున్నానే, ఆడ ఉండేది కనిష్ఠం. −x⁴ కి గరిష్ఠం. x³ కి రెండూ కాదు. నాకైతే మొదటి డెరివేటివ్ గుర్తుల పట్టీనే (పైన సంఖ్యారేఖ మీద ముక్కముక్కకీ గుర్తు చూసినామే, అది) నమ్మకం, అది ఎప్పుడూ మధ్యలో చెయ్యి వదలదు.

గీసేటప్పుడు స్కేలు కూడా చెప్పు. రెండు అక్షాలకీ ఒకే స్కేలు పెడితే −27 పేపరు దాటిపోతుంది. x కి 1 యూనిట్ 2 సెంటీమీటర్లు, y కి 5 యూనిట్లు 1 సెంటీమీటరు పెడితే −1.5 నుంచి 4.5 దాకా హాయిగా పడుతుంది. ఫోన్‌లో గ్రాఫ్ యాప్ చూసి గీసేవాళ్ళకీ ఇదే తంటా. తెర −10 నుంచి 10 దాకానే చూపిస్తా ఉంటే కనిష్ఠం కింద ఎక్కడో దాక్కుంటుంది, వక్రం నేరుగా పాతాళానికి పోయినట్టు ఉంటుంది.

ఇది ఒంటబట్టినాక y = x²/(x − 1) ఇవ్వు. భాగహార సూత్రంతో కుస్తీ పట్టనీయకుండా ముందు భాగించమను: x + 1 + 1/(x − 1). ఒక్క దెబ్బకి మూడు పనులు. x = 1 దగ్గర నిలువు అనంత స్పర్శరేఖ (వక్రం దూరం పోయేకొద్దీ దగ్గరయ్యే గీత), y = x + 1 అనే ఏటవాలు అనంత స్పర్శరేఖ, డెరివేటివ్ కూడా సులువు: 1 − 1/(x − 1)², అంటే x(x − 2)/(x − 1)². గుర్తు 0 దగ్గర ప్లస్ నుంచి మైనస్‌కి, 2 దగ్గర మైనస్ నుంచి ప్లస్‌కి. స్థానిక గరిష్ఠ విలువ 0, స్థానిక కనిష్ఠ విలువ 4. గరిష్ఠం కంటే కనిష్ఠం పెద్దదేంది సార్ అని క్లాసంతా గోల చేస్తుంది, చేయనీ. మధ్యలో గ్రాఫ్ తెగిపోయింది కాబట్టి ఆ రెంటికీ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. 0 కి, 4 కి మధ్య విలువలు ఈ ప్రమేయానికి రానే రావు.

పట్టీలో 1 ని కూడా గుర్తు పెట్టించు, ఇది మాత్రం ఒత్తి చెప్పు. హారం సున్నా అయ్యేది మర్చిపోయి “0 నుంచి 2 దాకా అవరోహణం” అని రాసేస్తారు. x = 0.5 కి −0.5 వస్తుంది, x = 1.5 కి 4.5 వస్తుంది. దిగేది ఇట్లా పెరుగుతుందా? 0 నుంచి 1 ఒక ముక్క, 1 నుంచి 2 ఇంకో ముక్క, విడివిడిగా దిగతా ఉండాయి. రెండో డెరివేటివ్ 2/(x − 1)³, అది 1 దగ్గర గుర్తు మార్చుకుంటుంది, అయినా ఇన్‌ఫ్లెక్షన్ కాదు. ఆడ బిందువే లేదు కదబ్బా.

బిందువు ఉండి డెరివేటివ్ లేని చోట్లు కూడా సందిగ్ధ బిందువులేనని (గరిష్ఠ, కనిష్ఠాల కోసం చూడాల్సిన చోట్లేనని) |x| చూపించి ఒక మాట చెప్పి వదిలెయ్, చాలు.

జేఈఈ రాసే పిలకాయలకి ఆ మొదటి గ్రాఫే ఇంకో పని చేస్తుంది. x⁴ − 4x³ = c కి వేర్వేరు వాస్తవ మూలాలు ఎన్ని? గ్రాఫ్ మీద అడ్డంగా స్కేలు పెట్టి పైకీ కిందికీ జరిపితే చాలు. c విలువ −27 కంటే తక్కువైతే ఒక్కటీ లేదు, సరిగ్గా −27 అయితే ఒకటి, అంతకంటే ఎక్కువైతే ఎప్పుడూ రెండే.

వచ్చే వారానికి y = x/(1 + x²) ఇచ్చి పేపర్లు పంపు. బేసి ప్రమేయం (x గుర్తు మారిస్తే y గుర్తూ మారేది) కాబట్టి సగం గీస్తే చాలు. గరిష్ఠం (1, ½), ఎదురుపక్క కనిష్ఠం (−1, −½). ఇన్‌ఫ్లెక్షన్లు మూడు రావాలి: 0, √3, −√3. ఎవడికైనా రెండే వస్తే రెండో డెరివేటివ్ లవంలో x ని కొట్టేసినాడని అర్థం, ఆ లైను కింద ఎర్ర ఇంకుతో గీత పెట్టు.

నీ
ముని