నచ్చిన గేముల మీద నా ఫిర్యాదులు

శీనూ,

నీ ఉత్తరం అందింది. "ప్రాణమన్న గేమునే అంతలా తిడతావేంట్రా, నచ్చని వాటి గురించి ఒక్క మాటా అనవు" అని అడిగావు. నిజమే. నచ్చని గేమ్ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు. తీసేస్తాను, మర్చిపోతాను. మనసు పెట్టి ఆడుతున్న గేములో పంటి కింద రాయి తగిలితేనే కోపం వస్తుంది.

నా కోపాలన్నీ ఒకసారి వరసగా గుర్తు చేసుకుంటే, వాటిలో చాలావాటికి కారణం ఒకటే అనిపిస్తోంది. మంచి గేమ్ మొదట మనల్ని నమ్ముతుంది. నీ ఇష్టం, నీ తెలివి, నీ దారి అంటుంది. మనమూ ఆ మాట నమ్మి ఆడుతూ ఉంటాం. తర్వాత ఎక్కడో హఠాత్తుగా ఆ నమ్మకాన్ని వెనక్కి తీసేసుకుంటుంది. గ్రాఫిక్స్ అంతంతమాత్రంగా ఉన్నా, కెమెరా గోడకు తగులుకుని తిరగనన్నా నేను సర్దుకుపోతాను. ఇది మాత్రం మింగుడుపడదు.

నువ్వు నెత్తిన పెట్టుకునే రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 తీసుకో. 2018లో వచ్చింది. అంత ప్రాణమున్న ఓపెన్ వరల్డ్ నేను ఇంకొకటి చూడలేదు. మనం ఆడే బందిపోటు ఆర్థర్ గడ్డం రోజురోజుకీ పెరుగుతుంది. గుర్రాన్ని మనం ఎంత బాగా చూసుకుంటే అది అంతగా మాలిమి అవుతుంది. దారిన పోయేవాణ్ణి పలకరించొచ్చు, గొడవ పెట్టుకోవచ్చు, పట్టించుకోకుండా వెళ్లిపోవచ్చు. షార్లెట్ గుర్తుందా? భర్త పోయాక అడవిలో ఒంటరిగా మిగిలిపోయి, వేట చేతకాక ఆకలితో ఉన్న మనిషి. ఆర్థర్ ఆమెకు వేట నేర్పిస్తాడు. ఆ కథ వైపు వెళ్లమని గేమ్ మనల్ని తోయదు. ఎదురైతే ఆగుతాం, లేకపోతే అలాంటి మనిషి ఉందని కూడా మనకు తెలియదు. నమ్మకమంటే అదీ.

పసుపు గుర్తు దగ్గరికెళ్లి మెయిన్ మిషన్ మొదలుపెట్టామా, ఇక అంతా మారిపోతుంది. ఇక్కడ దాక్కో. వాణ్ణి కాల్చు. ఇప్పుడు గుర్రమెక్కు. పక్క గుట్ట మీదుగా వెళ్తే శత్రువుల వెనక్కి చేరొచ్చు కదా అని తోచి కాస్త పక్కకు జరిగితే చాలు, తెర మీద ‘మిషన్ ఫెయిల్డ్’ పడుతుంది. బయట ఏ కొండెక్కినా ఏమీ అనని గేమ్, కథ నడిచేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది. ఆర్థర్‌కు తనదంటూ దారి లేదు కాబట్టి మనకూ లేకపోవడం కథకు సరిపోయిందని నువ్వు రాశావు. బాగా ఆలోచించి రాసిన మాటే, కానీ నేను ఒప్పుకోను. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి ఆర్థర్ తనంతట తాను ఆలోచించడం మొదలుపెడతాడు, ముఠా నాయకుడు డచ్‌కు ఎదురు చెప్తాడు. అప్పటికీ మిషన్లు మారవు. అవే పట్టాలు. నీ వాదన నిజమైతే కనీసం అక్కడైనా కాస్త వదులు దొరకాలి కదా?

జంతువు చర్మం ఒలవడం, సొరుగులు ఒక్కొక్కటే తెరిచి చూడటం, శిబిరంలో మెల్లగా నడవడం, వీటి మీద చాలామంది విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఆ నిదానం వల్లే ఆ లోకం బరువు మన చేతికి తెలుస్తుంది. నన్ను విసిగించింది ఒకటే. నేను ఎంచుకున్న రైఫిల్ గుర్రం మీదే ఉండిపోతుంది, కాల్పులు మొదలయ్యాక ఆ సంగతి తెలుస్తుంది. ప్రతిసారీ గుర్తుపెట్టుకుని భుజాన వేసుకోవాలి. అంత శ్రద్ధగా చేసిన గేములో దీన్ని ఎందుకు వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక ఈ నమ్మకద్రోహానికి అసలు ఉదాహరణ 2011లో వచ్చిన డ్యూస్ ఎక్స్: హ్యూమన్ రెవల్యూషన్. అందులో ఏ తలుపుకైనా మూడు నాలుగు దారులుంటాయి. హ్యాక్ చెయ్యొచ్చు, గాలి గొట్టంలోంచి పాకొచ్చు, మనిషిని మాటలతో ఒప్పించొచ్చు, లేదా తుపాకీ తియ్యొచ్చు. ఎవరినీ చంపకుండా ఆడాలనుకుంటే నైపుణ్యాలకిచ్చే నీ పాయింట్లన్నీ హ్యాకింగ్‌కీ, కనిపించకుండా తిరగడానికీ పెట్టుకుంటావు. అలా గంటల తరబడి మనిషిని తయారు చేసుకున్నాక ఒక గదిలో వేసి తలుపు మూసేస్తారు. ఎదురుగా చేతికి మెషిన్‌గన్ బిగించుకున్న బారెట్ అనే శత్రువు. చంపితేనే బయటికి. అంతవరకూ నువ్వు నేర్చుకున్నదేదీ అక్కడ అక్కరకు రాదు. ఆ బాస్ ఫైట్లను వేరే కంపెనీతో చేయించారట. ఆడేటప్పుడే ఆ అతుకు తెలిసిపోతుంది. 2013లో డైరెక్టర్స్ కట్ వచ్చినప్పుడు ఆ గదుల్లో హ్యాకింగ్‌కి, దాక్కోవడానికి చోటు కల్పించారు. తప్పు తెలుసుకుని దిద్దుకున్నందుకు నాకు గౌరవమే. అయినా చంపకుండా వదిలే దారి మాత్రం ఇవ్వలేదు. నువ్వు ఆడితే ఆ వెర్షనే ఆడు.

ఇదే బాధ ఇంకా పెద్దది వ్యాంపైర్: ది మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్‌లో ఉంది. 2004 నవంబర్ 16న, హాఫ్-లైఫ్ 2 వచ్చిన రోజునే ఇదీ వచ్చింది. మల్కావియన్ వంశం ఎంచుకుని ఆడి చూడు. మతి చెదిరిన ఆ పాత్రకు డైలాగులే వేరు. రోడ్డు మీద స్టాప్ బోర్డుతో కూడా వాదనకు దిగుతుంది. ఓషన్ హౌస్ హోటల్ అనే చోట ఒక్క శత్రువూ ఉండడు. ఆ పాడుబడ్డ భవనంలో నడవడమే. భయం గురించి ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఆ హోటలే చూపిస్తాను. అంత రాయగలిగినవాళ్లు, మాటలతోనే నెగ్గుకొచ్చే పాత్రను మన చేతికిచ్చినవాళ్లు, చివరి భాగానికి వచ్చేసరికి వరస పోరాటాలు పెట్టారు. మాటకారితనానికి పెట్టిన పాయింట్లన్నీ అక్కడ వృథా. చేసిన ట్రోయికా స్టూడియో 2005లోనే మూతపడింది. ఆ గేమ్‌ను నిలబెట్టింది అభిమానులు. ఏళ్ల తరబడి ప్యాచ్‌లు చేస్తూ ఉన్నారు. ప్యాచ్‌తో బగ్‌లు పోయాయి కానీ ఆ చివరి భాగం తీరు పోలేదు.

మాటలో మాట, బగ్‌లను నేను ఈ లెక్కలో వేయను. సైబర్‌పంక్ 2077 సంగతే చూడు. 2020 డిసెంబర్‌లో పాత కన్సోళ్ల మీద ఎంత ఘోరంగా వచ్చిందంటే సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది. 2021 జూన్ దాకా మళ్లీ పెట్టలేదు. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు జరిగింది అన్యాయమే, ఆ కోపం న్యాయమైనదే. కానీ 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక అది నిజంగానే వేరే గేమ్. పని మిగిలిపోయిన గేమ్ ఒకటి, పని పూర్తయినా లోపల ఏదో భయపడుతున్న గేమ్ ఇంకొకటి. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి.

మెటల్ గేర్ సాలిడ్ 5: ది ఫాంటమ్ పెయిన్ దగ్గర మాత్రం ఈ రెండూ కలిసిపోయాయి. దాని గురించి మనిద్దరం ఎప్పుడూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆట వరకే చూస్తే, ఆటగాణ్ణి అంతగా నమ్మిన స్టెల్త్ గేమ్, అంటే కంటపడకుండా దొంగచాటుగా ఆడే గేమ్, నాకు ఇంకొకటి తెలియదు. 1984లో అఫ్గానిస్తాన్, ఎదురుగా సోవియట్ శిబిరం. ఎటు నుంచి వెళ్తావో, పగలు వెళ్తావో రాత్రి వెళ్తావో నీ ఇష్టం. దానికి శత్రువులు కూడా బదులిస్తారు. తలకు గురిపెట్టి కాలుస్తూ పోతే కొన్నాళ్లకు హెల్మెట్లు పెట్టుకుంటారు. ఎప్పుడూ రాత్రే వస్తుంటే చీకట్లో చూసే కళ్లజోళ్లు తెచ్చుకుంటారు. అప్పుడు నువ్వు ఇంకో ఎత్తు వేయాలి. ఒకే శిబిరానికి మళ్లీ మళ్లీ వెళ్లినా విసుగు పుట్టదంటే కారణం అదే.

కథకు వచ్చేసరికి ఆ నమ్మకం ఏమైంది? ప్రతి మిషన్ ముందూ సినిమాలాగా పేర్లు వేస్తారు. అందులో రాబోయే శత్రువు పేరు కూడా వేసేస్తారు, ఇక ఆశ్చర్యం ఎక్కడిది? రెండో అధ్యాయంలో పాత మిషన్లనే షరతులు మార్చి మళ్లీ ఇస్తారు. ఈలై అనే కుర్రాడు శత్రువుల పెద్ద యుద్ధయంత్రాన్ని ఎత్తుకుపోయాక ఏమైందో గేములో లేనే లేదు. పూర్తికాని ఆ 51వ మిషన్ కలెక్టర్స్ ఎడిషన్‌తో ఇచ్చిన డిస్క్‌లో వీడియోగా మిగిలింది. గేమ్ వచ్చింది 2015 సెప్టెంబర్‌లో, ఆ ఏడాది చివరికి దాని దర్శకుడు కొజిమా, కొనామీ కంపెనీని వదిలేశాడు. ఇక మనతో కలిసి పోరాడే స్నైపర్ క్వయట్ బట్టలు. చర్మంతో ఊపిరి తీసుకుంటుందని ఎంత కారణం అల్లినా అది సాకే. మాట్లాడకుండానే అంత బాగా నిలబడిన పాత్రకు ఆ వేషం అవమానం.

అదే కొజిమా 2019లో డెత్ స్ట్రాండింగ్ చేశాడు. నడకనే ఆటగా మార్చిన గేమ్ అది. వీపు మీద బరువు, కాలి కింద రాళ్లు, ఏటిలో లోతు ఎంతో తెలియదు. ఎక్కడో ఎవరో ఆటగాడు వేసిన నిచ్చెన నీకు పనికొస్తుంది, నీ వంతెన ఇంకొకరికి. వాళ్లెవరో నీకు తెలియదు, లైక్ కొట్టి ముందుకు పోతావు. కొండ దిగుతుంటే పాట మొదలై దూరంగా ఊరు కనిపించే క్షణం కోసం మళ్లీ ఆడమన్నా ఆడతాను. మనుషుల్ని కలపడం అనే విషయాన్ని చేతలతో అంత చక్కగా చెప్పాక, అదే విషయాన్ని పాత్రలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నోటితో చెప్తారు. చెప్పిందే చెప్తారు. చివరి గంటలైతే పూర్తిగా వివరణలే. మనకు అర్థమైందని ఆ నిచ్చెన దగ్గరే వదిలేసి ఉంటే ఎంత బాగుండేది!

ఈ జబ్బు ఇప్పుడు పెద్ద గేములన్నిటికీ అంటుకుంది. 2022లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌లో పజిల్ ముందు నిలబడి చుట్టూ చూసేలోపే పక్కనున్నవాళ్లు జవాబు అందించేస్తారు. ది విచర్ 3లో బ్లడీ బ్యారన్ కథ, ఆ ఇంటి గొడవ, మంచీచెడూ తేల్చుకోలేని ఆ నిర్ణయాలు, వీటికి సాటి వచ్చే క్వెస్టులు తక్కువ. కానీ జాడలు వెతికే పని వస్తే మనం ఆడే గెరాల్ట్ కళ్లకు అన్నీ ఎర్రగా మెరుస్తాయి. ఆ ఎరుపు వెంట నడవడమే, మన బుర్రకు పనేమీ లేదు.

ఇప్పుడు దీనికి ఎదురు రకం చెప్తాను. పట్టుదల వల్ల వచ్చిన లోపాలు కొన్నుంటాయి, వాటిని నేను క్షమించడమే కాదు, సమర్థిస్తాను కూడా. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో కత్తులు విరిగిపోతాయని నువ్వు ఎంత గొడవ చేశావో! విరగకపోతే మొదటి మంచి కత్తితోనే ఆట అంతా గడిచిపోయేది. విరుగుతుంది కాబట్టే బండను దొర్లించాలని, గడ్డికి నిప్పు పెట్టాలని, ఉరుముల్లో ఇనుప ఆయుధాన్ని శత్రువు మీదికి విసరాలని తోస్తుంది. నీ వైపూ న్యాయం ఉంది, మంచి ఆయుధాన్ని ఎప్పటికో అని దాచుకుని చివరికి వాడకుండా ఉండిపోవడం నిజమే. వాన మీద మాత్రం నాదీ నీ మాటే. కొండ సగం ఎక్కాక వాన మొదలైతే జారిపోతూ ఆగేదాకా కాచుకోవాలి, అందులో నేర్చుకునేదేమీ లేదు.

ది లాస్ట్ గార్డియన్ ఇంకా మొండిది. 2009లో ప్రకటించి 2016లో విడుదల చేశారు. అందులో ట్రైకో అనే పెద్ద జంతువు ఉంది, పిలవగానే రాదు. దూకమంటే అటూ ఇటూ చూస్తుంది, కాసేపు ఆలోచిస్తుంది, ఒక్కోసారి పోయి మూల కూర్చుంటుంది. మొదట్లో కంట్రోలర్ పక్కన పెట్టేయాలనిపిస్తుంది. కానీ మీట నొక్కగానే దూకేదైతే అది వాహనమే కదా, జంతువెలా అవుతుంది? అది మన మాట వినడం నేర్చుకున్నట్టే మనమూ దానికోసం ఆగడం నేర్చుకుంటాం. కెమెరా అయితే ఏ కారణమూ లేకుండా చెడ్డది, ఆ గుహల్లో చాలాసార్లు ట్రైకో ఈకలు తప్ప ఏమీ కనిపించదు. ఏ మీట దేనికో తెర మీద పదేపదే చూపిస్తూ ఉండటం ఇంకో తప్పు. అంత ధైర్యం చేసినవాళ్లకు అక్కడెందుకు అనుమానం వచ్చిందో.

ఏలియన్: ఐసొలేషన్ గురించి అడిగావు. ఆడు. చాలావరకు వెంటపడేది ఒక్కటే ఏలియన్, దాన్ని చంపలేవు, సేవ్ చేసుకోవడానికి ఫోన్ దగ్గర నిలబడినప్పుడు కూడా వచ్చి పట్టుకోగలదు. ఆ టెన్షన్ అద్భుతం. గేమ్ మరీ పొడవు, అంతే దాని లోపం. ఇక అయిపోయిందనుకున్న చోట మళ్లీ మొదలవుతుంది.

చివరగా నీ సంగతి. నియర్: ఆటోమేటాలో రెండో ఆట మధ్యలో మానేశానని రాశావు. చూసిందే మళ్లీ 9ఎస్ అనే ఇంకో పాత్రగా చూడాలి, ఆ హ్యాకింగ్ ఆట ఒకటి పదేపదే వస్తుంది, సైడ్ క్వెస్టులు కూడా అటు పరిగెత్తి ఇటు పరిగెత్తడమే. నీ ఫిర్యాదులన్నీ నిజం. ఇది మనల్ని అతిగా నమ్మిన గేమ్. ఇంత విసుగులోనూ ఉంటారులే అనుకుని అసలు కథలో సగం ఆ తర్వాత దాచింది. ఎంతమంది నీలాగే ఆగిపోయారో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే బతిమాలుతున్నాను. సైడ్ క్వెస్టులు వదిలేసి ముందుకు పో, మూడో భాగం పేరు పడ్డాక ఆడుతున్నది కొత్త కథ. చివర్లో ఆ గేమ్ నిన్ను ఒకటి అడుగుతుంది. ఏమడుగుతుందో నేను చెప్పను, నువ్వూ ఎక్కడా చదవకు. నువ్వేం జవాబిచ్చావో మాత్రం నాకు రాయి.

నీ
రఘు