బిల్లులో ‘ఆయిల్, ఫిల్టర్’ అని రాస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి మొదలైతే చాలు, మన ఊళ్లలోని మెకానిక్ షెడ్లలో చిన్న పెట్రోలు కార్లకు దళసరి ఆయిల్ పోయడం రివాజుగా మారింది. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అనో 0డబ్ల్యూ-20 అనో ఆయిల్ గ్రేడు రాసి ఉన్నా, ‘అది చలిదేశాల లెక్క, మన ఎండలకు ఆగదు’ అని చెప్పి 20డబ్ల్యూ-50 పోస్తున్నారు. యజమాని చేతికి వచ్చే బిల్లులో ‘ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, లేబరు’ అని తప్ప మరేమీ ఉండదు. పోసినదేమిటో ఆ కాగితం చెప్పదు కాబట్టి, తరువాత ఇంజన్‌కు ఏమైనా అయితే అడిగే ఆధారమూ మిగలదు.

ఆ గ్రేడులో రెండు వేర్వేరు పరీక్షల సమాచారం ఉంటుంది. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో తెలుపుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర ఇంజన్ తిరిగే తీరుకు పరీక్షిస్తారు. లంబసింగిలో ఎంత చలి పెట్టినా మనకు ఆ పరిస్థితి రాదు కనుక, మెకానిక్ మాటలో కొంత నిజం ఉన్నట్లే తోస్తుంది. అయితే రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో ఆయిల్ మన వాతావరణంలో కూడా, వేడెక్కినప్పటికంటే ఎన్నో రెట్లు చిక్కగానే ఉంటుంది. పొద్దున తాళం తిప్పిన తొలి క్షణాల్లో పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ వరకు అది ఎంత త్వరగా చేరితే అరుగుదల అంత తగ్గుతుంది.

రెండో అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనాన్ని చెబుతుంది. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్సుల (చిక్కదనపు కొలత) మధ్య, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి. అంటే దాదాపు రెట్టింపు తేడా. బయట రెంటచింతల ఎండ ఉన్నా, అరకు చలి ఉన్నా, ఇంజన్ వేడెక్కాక థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ కలిసి కూలెంట్‌ను సుమారు 90 డిగ్రీల దగ్గర నిలుపుతాయి. ఆయిల్ వేడి కూడా దాని చుట్టుపక్కలే ఉంటుంది. ఇంజన్‌ను తయారుచేసినవారు ఈ వేడిని లెక్కలోకి తీసుకునే బేరింగుల సందులను, పంపు సామర్థ్యాన్ని నిర్ణయించారు. నేటి చిన్న కార్లలో చాలావాటికి వాల్వుల సమయాన్ని మార్చే ఏర్పాటు ఉంది. అది సన్నని దారుల్లో వెళ్లే ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. చిక్కని ఆయిల్ పోస్తే ప్రెజర్ పెరిగినట్లు కనిపిస్తుంది గాని, పెరిగిన ప్రెజర్ అంటే పెరిగిన ప్రవాహం కాదు. పికప్ మందగించడం, మైలేజీ తగ్గడం మాత్రం యజమానికి అనుభవంలోకి వస్తాయి.

దళసరి ఆయిల్ ఎప్పుడూ తప్పేనని నేను అనను. మారుతి 800 కాలపు ఇంజన్లకు నిర్దేశించిన గ్రేడ్లు వేరు. కొన్ని మాన్యువళ్లలో బయటి ఉష్ణోగ్రతను బట్టి రెండు మూడు గ్రేడ్లు చూపే పట్టిక ఉంటుంది. బాగా తిరిగి ఆయిల్ తాగుతున్న బండికి ఆ పట్టికలోనే ఒక మెట్టు చిక్కనిది ఎంచుకోవచ్చు. పట్టిక దాటి పోసినప్పుడే అనుమానించాలి. పాత కార్ల బేరగాళ్లలో కొందరు అమ్మకానికి ముందు చిక్కని ఆయిల్ పోసి చప్పుడును, పొగను కొన్నాళ్లు కప్పిపెడతారన్న సంగతి కొనేవారికి తెలిసి ఉండాలి.

గ్రేడు ఒక్కటే సరిపోతే చాలదు, ఆయిల్ నాణ్యతను తెలిపే తరగతి కూడా చూడాలి. పెట్రోలు ఇంజన్లకు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌ఎన్ తరగతి 2010లో, ఎస్‌ఎన్ ప్లస్ 2018లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. పాతది అడిగిన పెట్రోలు బండికి అదే గ్రేడులో కొత్త తరగతి ఆయిల్ నిరభ్యంతరంగా పోయవచ్చు. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న ఒక లీటరు సామర్థ్యపు పెట్రోలు ఇంజన్లలో తక్కువ వేగంలో ఇంధనం వేళకు ముందే అంటుకుని పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున, వాటికి ఎస్‌ఎన్ ప్లస్ కంటే తక్కువది వాడరాదు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో పొగగొట్టంలోని ఫిల్టర్ బూడిదతో పూడుకుపోకుండా బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. లారీలకు వాడే డీజిల్ ఆయిల్ చౌకగా దొరుకుతుందని ఈ కార్లలో పోస్తే ఆదా అయినదానికంటే ఎన్నో రెట్లు ఖర్చు మీద పడుతుంది.

ఇక అందరూ తేలికగా తీసుకునేది ఫిల్టర్. అంచు చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల గుండా ఆయిల్ లోపలికి వెళ్లి, మడతల కాగితం గుండా వడగట్టుకుని, మధ్యలోని మరల రంధ్రం నుంచి ఇంజన్‌లోకి పోతుంది. సాధారణంగా ఇందులో రెండు వాల్వులుంటాయి. ఇంజన్ ఆపినప్పుడు ఆయిల్ కిందికి జారిపోకుండా ఒక రబ్బరు వాల్వు ఆపుతుంది. అది నాసిరకమైతే ప్రతి ఉదయం స్టార్టు చేయగానే కొద్దిసేపు గలగలమని చప్పుడు వస్తుంది. కాగితం పూడుకుపోయినప్పుడు ఇంజన్ ఎండిపోకుండా బైపాస్ వాల్వు తెరుచుకుని వడగట్టని ఆయిల్‌నే పంపుతుంది. దాని స్ప్రింగు ఏ ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజన్‌ను బట్టి ఉంటుంది కనుక, ‘మర సరిపోయింది, బిగించేశాం’ అనే మాట ఫిల్టర్ విషయంలో చెల్లదు. ‘ఈసారి ఆయిల్ మారుద్దాం, ఫిల్టర్ వచ్చేసారి చూద్దాం’ అనడం కూడా సరికాదు, ఎందుకంటే పాత ఫిల్టర్‌లో మిగిలిన మురికి ఆయిల్ కొత్తదానిలో వెంటనే కలుస్తుంది. బిగించేముందు రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ రాసి, రింగు తాకాక ముప్పావు చుట్టు చేత్తో తిప్పితే సాధారణంగా సరిపోతుంది. పానాతో బిగిస్తే తరువాత ఊడదీయడమే కష్టం.

పరిమాణం గురించి ఒక్కమాట. చిన్న కార్లలో చాలావాటికి మూడు, మూడున్నర లీటర్లు చాలు. డబ్బా మిగలకూడదని మొత్తం పోస్తే ఆయిల్ గేజీ పైగీత దాటుతుంది, క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు కూడా తిరగని కార్లకు సైతం మాన్యువల్ చెప్పిన గడువుకు ఆయిల్ మార్చవలసిందే. దగ్గరి దూరాలే తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కక పెట్రోలు, తేమ ఆయిల్‌లోనే నిలిచిపోతాయి.

నకిలీల బెడద ఉండనే ఉంది. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టి, ఫిల్టర్ అట్టపెట్టెను చింపి వదిలితే అవి మళ్లీ నింపుకోవడానికి పనికిరావు. యజమానులు చేయగలిగింది అంతవరకే.

మిగిలినది అధికారులు చేయాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఇచ్చే బిల్లులో ఆయిల్ కంపెనీ పేరు, గ్రేడు, తరగతి, పోసిన లీటర్లు, ఫిల్టర్ పార్ట్ నంబరు తప్పనిసరిగా ఉండాలని రెండు తెలుగు రాష్ట్రాల పౌరసరఫరాల, తూనికలు కొలతల శాఖలు సర్వీసు కేంద్రాలకు, షెడ్లకు స్పష్టమైన సూచన ఇవ్వాలని కోరుతున్నాను. కార్ల కంపెనీలు కూడా ఇదే సమాచారాన్ని బానెట్ లోపలి వైపు తెలుగులో అతికిస్తే, మాన్యువల్ తెరవని యజమానికీ, దాన్ని చూసే అవకాశం లేని మెకానిక్‌కూ ఒకే కాగితం కళ్లెదుట ఉంటుంది.

ఇట్లు,
పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి విరమించిన ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం