ఒడిలో బిడ్డకు టికెట్ ఎంత?

సంపాదకులకు నమస్కారం.

చంటిపిల్లలతో తక్కువ ఖర్చులో విదేశాలు చూసి రావడం గురించి పర్యాటక పుటల్లో వచ్చే వ్యాసాలు తరచూ ఒకే సలహాతో మొదలవుతాయి: రెండేళ్లు నిండకముందే వెళ్లి రండి, బిడ్డకు టికెట్ ఖర్చు ఉండదు. ఇందులో సగమే నిజం. తక్కిన సగం మాకు చెక్-ఇన్ కౌంటరు దగ్గర తెలిసింది కనుక, ఇలాంటి ప్రయాణానికి సిద్ధమవుతున్న తల్లిదండ్రులకు పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అంతర్జాతీయ విమానాల్లో ఒడిలో కూర్చునే బిడ్డకు చాలా సంస్థలు పెద్దల ఛార్జీలో సుమారు 10 శాతం, దానిపై పన్నులు తీసుకుంటాయి. చౌక విమాన సంస్థలు కొన్ని శాతంతో పని లేకుండా ఒక్కో ప్రయాణానికి ఇంత అని రుసుము పెడతాయి. పెద్దల టికెట్ బాగా తగ్గింపులో దొరికిన రోజున ఒడిలో బిడ్డ రుసుమే సీటు ధరను మించిపోతుంది. సీటు లేని ప్రయాణికురాలు సీటున్న తండ్రి కంటే ఎక్కువ చెల్లించడం వింతే అయినా, బిల్లు చివరిదాకా చదివితే తప్ప ఆ సంగతి తెలియదు.

మేము తప్పింది వయసు లెక్కలో. బయలుదేరిన నాటికి మా పాపకు రెండేళ్లు నిండడానికి ఇంకా పది రోజులుంది. తిరుగు ప్రయాణం నాటికి నిండి నాలుగు రోజులైంది. వయసును టికెట్ కొన్న రోజును బట్టి కాక ప్రయాణించే రోజును బట్టి, అదీ రానూ పోనూ విడివిడిగా చూస్తారన్నది మాకు తట్టలేదు. ఫలితంగా ఆ రోజు ఉన్న ధరకు పాపకు వేరే సీటు కొనవలసి వచ్చింది, అంతవరకు పొదుపు చేసినదంతా అక్కడే ఆవిరైంది. తప్పు మాదే, కాదనను. అయితే పాప పుట్టిన తేదీ, మా తిరుగు తేదీ రెండూ అడిగి తీసుకున్న బుకింగ్ పేజీ ఒక్క వాక్యంతో హెచ్చరించి ఉండవచ్చు కదా.

సీటు సంగతి డబ్బుతోనే ముగిసేదీ కాదు. విమానం కుదుపులకు లోనైనప్పుడు బిడ్డను చేతులతో పట్టి ఉంచడం సాధ్యం కాదనీ, ఆమోదం పొందిన చైల్డ్ సీటులో ప్రత్యేకంగా కూర్చోబెట్టడమే అన్నిటికంటే క్షేమమనీ అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చెబుతుంది. అయినా దాన్ని తప్పనిసరి చేయలేదు. అదనపు టికెట్ భారంతో కుటుంబాలు విమానం మానేసి రోడ్డెక్కితే అక్కడ ప్రమాదం మరింత ఎక్కువన్నది ఆ సంస్థ వాదన. రాత్రంతా సాగే ప్రయాణమైతే సీటు కొని, ఆ ఖర్చును మరోచోట తగ్గించుకోవడమే మేలని నా అభిప్రాయం. బాసినెట్ (బిడ్డను పడుకోబెట్టే చిన్న తొట్టె) ఉంటుందిలే అన్న ధీమా వద్దు: అది గోడకు ఎదురుగా ఉండే కొద్ది సీట్లకే అమరుతుంది, దానికి బరువు పరిమితి ఉంటుంది, చాలా చౌక విమానాల్లో అసలు ఉండదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొదుపు వేర్వేరు సంస్థల టికెట్లు విడిగా కొని అతికించుకోవడం. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోతే ఎవరికీ బాధ్యత ఉండదు. సకాలంలో దిగినా చాలాసార్లు ఇమిగ్రేషన్ దాటి పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, అంటే ఆ మధ్య దేశానికి కూడా వీసా కావలసి రావచ్చు, బిడ్డతో సహా. ఒంటరి యువకుడైతే బెంచీ మీద రాత్రి గడిపేస్తాడు. పాలసీసా కడగడానికి వేడినీళ్ల కోసం వెతుక్కునే తల్లికి ఆ అవకాశం లేదు. ధర కొంత ఎక్కువైనా ఒకే టికెట్ మీద సాగే ప్రయాణమే మంచిది.

పత్రాల విషయంలో కూడా ఒడి లెక్క చెల్లదు. ఎంత పసికందుకైనా సొంత పాస్‌పోర్టు, అవసరమైన చోట సొంత వీసా ఉండాలి. ఉమ్మడి వీసా ఇచ్చే ఐరోపాలోని షెంజెన్ దేశాలకు ఆరేళ్లలోపు పిల్లలకు వీసా రుసుము లేదు గాని దరఖాస్తు తప్పదు, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే బీమా కూడా చూపాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం వెంట ఉంచుకోవాలి. (పాస్‌పోర్టు ఫొటోకు నెలల బిడ్డ కళ్లు తెరిపించడం ఒక పూట పని, తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీస్తే కొంత సులువు.)

టీకాలకు కనీసం నెలన్నర ముందే వైద్యుణ్ణి కలవాలి. ఆరు నుంచి పదకొండు నెలల బిడ్డలు విదేశాలకు వెళ్లేటప్పుడు తట్టు నివారణకు ఎంఎంఆర్ టీకా ఒక మోతాదు ముందుగా ఇప్పించాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచిస్తుంది; తర్వాత వేయించవలసిన మామూలు మోతాదుల్లో దాన్ని లెక్కించరు. ఫార్ములా పాలపొడిని 70 డిగ్రీలకు తగ్గని వేడినీటితో కలపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట కాబట్టి, బస చేసే గదిలో కెటిల్ ఉందో లేదో బుక్ చేసేముందే అడగడం అవసరం.

నిజమైన పొదుపు ఎక్కడంటే, బడి లేని వయసులో. సెలవుల రద్దీతో పని లేదు కాబట్టి ధరలు పడిపోయే నెలల్లో వెళ్లవచ్చు. నాలుగు ఊళ్లు తిరగకుండా వంటగది, బట్టలుతికే యంత్రం ఉన్న ఒక్క బసలో వారం పది రోజులు ఉంటే ప్రయాణ ఖర్చూ, లగేజీ బరువూ, బిడ్డ చిరాకూ ఒకేసారి తగ్గుతాయి. రెండు మూడు రోజులకు సరిపడా డైపర్లు పట్టుకెళ్లి తక్కినవి అక్కడ కొనుక్కోవచ్చు.

బిడ్డకు పడే మొత్తం రుసుము, చేతి సంచికి అనుమతి, బాసినెట్ ఉందో లేదో, తిరుగు ప్రయాణం నాటికి వయసు దాటుతుందేమో అన్న హెచ్చరిక, ఇవన్నీ డబ్బు చెల్లించేముందే తెరమీద కనిపించేలా విమానయాన నియంత్రణ సంస్థలు నిబంధన పెట్టాలి. అంతవరకు మీ పర్యాటక పుటలో చౌక టికెట్ల గురించి రాసిన ప్రతిసారీ చంటిబిడ్డ ఛార్జీని కూడా పక్కనే ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు