ఆ వాట్లు కొలిచినవి కావు

సంపాదకుల గారికి,

ఫిజియోథెరపీ అల్ట్రాసౌండ్ మెషిన్లు రిపేరు చేసేవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం. భుజం నొప్పికి జెల్ రాసి మెషిన్ హెడ్ (చర్మానికి ఆనించే భాగం) తిప్పుతుంటే డిస్‌ప్లేలో 6 వాట్లని కనిపిస్తుంది కదా, చాలా మెషిన్లలో ఆ 6 కొలిచింది కాదు. హెడ్‌లో ఉన్న పీజోఎలక్ట్రిక్ క్రిస్టల్‌కి (కరెంటిస్తే కంపించి శబ్దం పుట్టించే బిళ్లకి) ఎంత కరెంటు పంపుతున్నదీ చూసుకుని, ఫ్యాక్టరీలో ఆ హెడ్‌కి కట్టిన లెక్క ప్రకారం ఇంత శబ్దశక్తి వస్తూ ఉండాలి అని అంచనా వేసి చూపిస్తుంది, అంతే.

కొత్తలో ఆ లెక్క బాగానే కుదురుతుంది. హెడ్ ఒక్కసారి కింద పడిందా, క్రిస్టల్‌ని ముందున్న మెటల్ రేకుకి పట్టి ఉంచే జిగురు ఓ పక్క ఊడిందా, ఇక కరెంటు వెళ్తూనే ఉంటుంది గానీ అందులో చాలా భాగం శబ్దంగా బయటికి రాకుండా హెడ్‌లోనే వేడైపోతుంది. పేషెంటుకేమో వెచ్చగా తగులుతుంది, బాగా పనిచేస్తోంది అనుకుంటారు! వేరే మెషిన్ హెడ్ తెచ్చి తగిలించినా ఇదే తంటా, లెక్క ఒకదానిది, క్రిస్టల్ ఇంకోదానిది.

హెడ్ మీద నీటిచుక్క వేసి అది చిందితే చాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దానివల్ల హెడ్ బతికే ఉందని తెలుస్తుంది, ఎన్ని వాట్లో తెలియదు. అంతకంటే నయమైన అంచనా ఒకటుంది: రెజొనెన్స్ దగ్గర, అంటే క్రిస్టల్ అన్నిటికంటే గట్టిగా కంపించే ఫ్రీక్వెన్సీ దగ్గర, హెడ్ ఇంపెడెన్స్‌ని (కరెంటుకి అది ఇచ్చే అడ్డుని) గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి చూడటం. గాలిలోకి శబ్దం దాదాపు పోదు కాబట్టి అక్కడ కనిపించే రెసిస్టెన్స్ అంతా లోపలి నష్టమే, నీళ్లలో పెరిగిన భాగం బయటికి వెళ్లే శబ్దానిది. కానీ హెడ్ వేడెక్కితే ఆ రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ పక్కకి జరిగిపోతుంది, ఈ లెక్కా కొంత తప్పుతుంది.

చివరికి ఆ శబ్దం తోసే తోపుని తూచాల్సిందే. గాలి తీసేసిన నీళ్లలో శబ్దాన్ని పీల్చుకునే టార్గెట్ మీదికి హెడ్ తిప్పితే, ఒక్కో వాటుకి సుమారు 70 మిల్లీగ్రాముల బరువంత తోపు పడుతుంది. 6 వాట్లంటే అర గ్రాము కూడా కాదు, అందుకే మామూలు తక్కెడలు పనికిరావు. అమెరికా నిబంధనల్లో చూపించే పవర్‌కి 20 శాతం అటూఇటూ తేడా దాకా ఒప్పుకుంటారు, అంటే మంచి మెషిన్‌లో కూడా 6 అన్నది 5కి దిగువన ఉండొచ్చు, 7 దాటనూ వచ్చు.

కాబట్టి ఏడాదికోసారైనా తూకం వేయించి, ఆ తేదీ మెషిన్ మీద కాకుండా హెడ్ మీదే అంటించమని క్లినిక్‌లవాళ్లని అడుగుతున్నాను. కింద పడితే మాత్రం ఏడాది దాకా ఆగొద్దు.

– ఓ సర్వీసు టెక్నీషియన్