'ఎవరు' పేరున్న ఆటగాణ్ణి తెలుగులోకి తెచ్చిన మా మాస్టారికి

బేస్‌బాల్ భాష మీద నేను రాస్తున్న పుస్తకంలో మూడు వారాలుగా ముడిపడి కూర్చున్న అధ్యాయం మొన్న ఆదివారం పూర్తయింది. సాయం చేసినవాళ్లకి నలుగురిలో థ్యాంక్స్ చెప్పాలి.

మన ఆఫీసుల్లో రోజూ వినే 'బాల్‌పార్క్ ఫిగర్' (ఉజ్జాయింపు లెక్క) అనే మాట ఈ ఆట మైదానం నుంచి వచ్చిందే. అలాంటి మాటల వెంట పడితే అబాట్, కాస్టెల్లో అనే హాస్యనటుల జంట చేసిన సంభాషణ దగ్గర ఆగిపోయాను. 1938లో అమెరికా రేడియోలో వచ్చింది. అందులో ఫస్ట్ బేస్ (పరుగు తీసేవాడు తాకాల్సిన మొదటి గుర్తు) దగ్గరుండే ఆటగాడి పేరు 'హూ', సెకండ్ బేస్ 'వాట్', థర్డ్ బేస్ 'ఐ డోంట్ నో'. ఒకాయన పేర్లు చెబుతుంటాడు, రెండో ఆయన వాటిని ప్రశ్నలనుకుని ఇంకా అడుగుతూనే ఉంటాడు.

తెలుగులో 'ఎవరు', 'ఏమిటి', 'తెలీదు' అని పెట్టుకున్నాను. బాగానే కుదిరాయి. విభక్తి తగిలేసరికి కథ అడ్డం తిరిగింది. ప్రశ్నయితే 'ఎవరికి', మనిషి పేరైతే 'ఎవరుకి'. గుట్టు అక్కడే రట్టయిపోతోంది.

రాజమండ్రిలో ఉంటున్న మా తెలుగు మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన బేస్‌బాల్ ఎప్పుడూ చూడలేదు. రెండుసార్లు చదివించుకుని, "విభక్తితో కుస్తీ ఎందుకురా? 'జీతం ఎవరికిస్తావు' అనకు, 'జీతం తీసుకునేది ఎవరు' అను" అన్నారు. అంతే, దారి దొరికింది! మన వాక్యానికి 'ఈజ్' లాంటి క్రియ కూడా అక్కర్లేదు. గొంతు లేపితే ప్రశ్న, దించితే జవాబు.

"ఫస్ట్ బేస్‌లో ఎవరు?"
"ఎవరు."
"అదే, ఆయన పేరు ఏమిటి?"
"కాదు, ఏమిటి సెకండ్ బేస్‌లో."

మా ఇంట్లో చదివి వినిపిస్తే అమ్మ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఇంగ్లీషులో కన్నా తెలుగులోనే ఇది ఇంకా నున్నగా సాగుతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పక్కింటి అక్కయ్యకి కూడా ఎంతో రుణపడ్డాను. బేస్ నుంచి బేస్‌కి 90 అడుగులు, వరసగా అన్నీ చుట్టి హోమ్‌కి (మొదలుపెట్టిన చోటికి) చేరితేనే ఒక రన్ అని, కార్పెట్ మీద నాలుగు స్టీలు గిన్నెలు పెట్టి, వాటి మధ్య తనే పరిగెత్తి చూపించింది. ఆ గిన్నెలు లేకపోతే నేను రాసింది ఆట తెలియని వాళ్లకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

మాస్టారు దిద్ది వాట్సాప్‌లో పంపిన రెండు పేజీలు ప్రింట్ తీసి నా టేబుల్ ముందు అంటించుకున్నాను. మాస్టారూ, వచ్చే నెల ప్రూఫులు పంపిస్తాను. ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకోండి.